కొసరు లేని పెట్టెలు

ఆ శుక్రవారం ఉదయం తాండ్ర షెడ్డులో హాజరైనవారు నలుగురు. పెట్టె చేతులు మారే వరుసలో చెప్పాలంటే, మొదట బసవమ్మ, ఎండిన తాండ్రను పొడవాటి కత్తితో పలకలుగా కోసే మనిషి. ఆమెకు ఎడంగా యలమంద, ఆ పలకలను అట్టపెట్టెలో సర్ది టేపు వేసే మనిషి. తరువాత బల్ల ముందు కుర్చీలో వెంకటకృష్ణారావు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, పెట్టె తూచి చిరునామా చీటీ అంటించే బాధ్యతను తమంతట తాము స్వీకరించినవారు. చివరగా గుమ్మం దగ్గర ఫోను చెవిన పెట్టుకుని అహల్య, ఆయన కోడలు, షెడ్డు యజమానురాలు. ఐదవ వ్యక్తి సాయంత్రం వ్యానుతో రావలసి ఉంది. ఆమె వచ్చేలోగా మూడు వందల పెట్టెలు సిద్ధం కావాలి.

యలమంద వెనుక గోడ వారగా ఖాళీ పెట్టెలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. అతడు మడిచిన గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సన్నని మనిషి. మెడ మీద చర్మం ముడతలు పడి, వడిలిన కాయ తొడిమ దగ్గరి తోలులా ఉంది. వయసులో ఉండగా మామిడికాయల చెక్కపెట్టెలకు మేకులు కొడుతూ ఒకసారి సుత్తి తప్పి కుడి బొటనవేలు వంకరపోయింది. ఆ వేలితోనే పెట్టె అడుగు నొక్కి, కాగితపు పీచు పరిచి, పలకలు పేర్చి, చిన్న ఆవకాయ సీసా నడుమ నిలబెట్టి, మళ్ళీ పీచు కప్పేవాడు. ఒక పెట్టెకూ మరొక పెట్టెకూ మధ్య చేతులు ఆగేవి కావు. షుగరు వచ్చినప్పటినుంచీ తాండ్ర నోట పెట్టలేదు గాని, అది ఏ చెట్ల రసమో వాసన చూసి ఊహించడం అతనికి ఇప్పటికీ సరదా. పది సార్లలో ఆరు సార్లు తప్పేవాడు. బసవమ్మ నవ్వేది.

ఆ ఉదయం ఆ సరదా లేదు. అతని మనసంతా ఎడమచేతి మీద ఉంది.

ఎడమచేతికి అందేంత దూరంలో ఒక తాటాకు బుట్ట ఉంది. పలకలు సమానంగా కోసినప్పుడు మిగిలే అంచు ముక్కలు, నల్లగా, కొంచెం గట్టిగా ఉండేవి, బసవమ్మ అందులో వేసేది. పెట్టె మూసే ముందు యలమంద ఆ బుట్టలోంచి ఒక గుప్పెడు తీసి పైన వేసేవాడు. అది కొసరు. షెడ్డు పెట్టిన నాటినుంచీ కొసరు లేని పెట్టె అక్కడినుంచి వెళ్ళలేదు. అసలు పలకల కన్నా ఆ ముక్కలే రుచి అని ఉత్తరాలు రాసిన కొనుగోలుదారులు ఉన్నారు.

రెడ్డిగూడెం తోటల్లో అతని తండ్రి కాయలు లెక్కించేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. లాభం అనేవాడు. ఆ తరువాత రెండు, మూడు. లెక్క ముగిసి గంప లేచే ముందు రెండు కాయలు కొసరు వేసేవాడు. లాభంతో మొదలుపెట్టి కొసరుతో ముగిస్తేనే లెక్క అని, కొసరు లేకుండా కొలిచేది శవం నోట్లో వేసే బియ్యం ఒక్కటేనని ఆయన చెప్పేవాడు. యలమందకు అక్షరాలు రాకముందే ఆ గుప్పెడు వచ్చింది.

ఇప్పుడు ఆ గుప్పెడు వెయ్యకూడదు.

ఎందుకు వెయ్యకూడదో బుధవారం నాడు పార్శిల్ కంపెనీ తరఫున బుకింగులు చూసే షాలోమి వచ్చి చెప్పింది. శనివారం నుంచి దీపావళి వెళ్ళేదాకా ప్రతి పార్శిలు మీద పండగ సర్‌చార్జి. బరువు లెక్క మాత్రం ఇప్పటినుంచే: కిలో లోపు ఉంటే ఒక రేటు. కిలో దాటి ఒక్క గ్రాము ఉన్నా రెండో కిలో రేటు. ఇక్కడ రాసిన బరువుకూ విజయవాడలో యంత్రం తూచిన బరువుకూ తేడా వస్తే జరిమానా. అటువంటి తేడాలు ఎక్కువైతే పండగ వెళ్ళేదాకా ఖాతా నిలిపివేత. ఇవి కంపెనీ నిబంధనలు. షాలోమి చేతిలో లేవు.

హైదరాబాదులోని ఒక సంస్థ తన ఉద్యోగుల ఇళ్ళకు పంపమని మూడు వందల పెట్టెలు అడిగింది. వేసవిలోనే అహల్య రవాణాతో కలిపి ధర చెప్పి ఉంది. అప్పుడు సర్‌చార్జి ఊసు లేదు. ఈ పెట్టెలు శుక్రవారమే స్కాన్ అయి, కిలోకు లోపుగా ఉంటే షెడ్డు ఒడ్డున పడుతుంది. లేకపోతే వచ్చే వేసవిలో రసం కొనడానికి చేతిలో ఏమీ ఉండదు. ఖాతాయే నిలిచిపోతే దీపావళికి రావలసిన చిల్లర బేరాలు కూడా పోతాయి. ఇదంతా అహల్య అతనికి వివరంగా చెప్పింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఈ ఒక్కసారికీ కొసరు వద్దు బాబాయ్. పెట్టె కిలోకి ఇరవై గ్రాములు తక్కువ తూగుద్ది. గుప్పెడు పడిందంటే దాటిపోద్ది."

"వెయ్యనమ్మా," అన్నాడు యలమంద.

అయినా బసవమ్మ ఆ ఉదయం కూడా అంచు ముక్కలు బుట్టలోనే వేసింది. వేరే ఎక్కడ వెయ్యాలో ఆమెకు తోచలేదు.

మొదటి పది పెట్టెలను వెంకటకృష్ణారావు ఒక్కొక్కటిగా తూచారు. ఒక్కొక్క అంకెనూ పైకి చదివారు. అన్నీ కిలోకు లోపే. పదకొండవ పెట్టె దగ్గర అహల్య తొందర చేసింది.

"మామయ్య గారూ, ఇలా ప్రతిదీ తూస్తే సాయంత్రానికి అవ్వదండీ."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునమ్మా. పది చూశాం. ఇక అంటిస్తూ పోతాను." బరువు ధ్రువీకరణ కాగితం మీద నిండు సంతకం చేసి, తేదీ వేసి, పక్కన పెట్టారు. ఆయన సంతకంలో ప్రతి అక్షరమూ చదవడానికి వీలుగా ఉంటుంది.

తరువాత పని వేగం పుంజుకుంది. కత్తి దించిన చప్పుడు, టేపు చీరిన చప్పుడు, గుమ్మం దగ్గర హైదరాబాదు సంస్థతో ఫోనులో అహల్య గొంతు.

"మేడమ్, వేసవిలో నేను చెప్పిన రేటు రవాణాతో కలిపేనండీ... అవునండీ, ఒప్పుకున్నాను... కాదు మేడమ్, ఈ సర్‌చార్జి కంపెనీవాళ్ళు మొన్ననే... లేదండీ, మిమ్మల్ని ఇవ్వమని కాదు, ఒకవేళ పడితే సగమైనా... సరేనండీ. ఆలస్యం అవ్వదు మేడమ్. ఒక్క పెట్టె కూడా."

యలమంద వింటూనే ఉన్నాడు. 'సగమైనా' అన్నచోట ఆమె గొంతు సన్నగిల్లింది. ఈ పిల్ల కొత్తగా షెడ్డు పెట్టిననాడు చాపల మీద రసం తానే పోసింది. పులుపుకు చేతులు మండితే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఆ సంగతి గుర్తొచ్చింది. ఖాతా నిలిచిపోతే ఏమవుతుంది, బసవమ్మ ఎక్కడికి పోతుంది, మేష్టారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎక్కడికి బయలుదేరతారు అని అతడు ఒకదాని వెంట ఒకటి ఆలోచించాడు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

"ఏంటన్నా, ఇయాళ వాసన చూసి చెప్పలేదు," అంది బసవమ్మ.

"చెప్తే తప్పంటావుగా."

"తప్పైతే తప్పంటా. ఒప్పైతే ఎప్పుడన్నా అన్నానా?"

"ఒప్పు ఎప్పుడైందనీ."

ఆమె పకపకా నవ్వింది. వెంకటకృష్ణారావు చీటీ మీదినుంచి తల ఎత్తకుండానే, "మాటలు తగ్గిస్తే చేతులు పెరుగుతాయి," అన్నారు.

"మేష్టారి బళ్ళో చదవకపోవడం నా అదృష్టం," అంది బసవమ్మ మెల్లగా.

మధ్యాహ్నానికి చివరి పెట్టె మూసి యలమంద కాళ్ళు చాపుకున్నాడు. మిగిలినవారు వరండాలో భోజనానికి కూర్చున్నారు. చోటు ఊడ్చేందుకని అతడు తాటాకు బుట్టను కాలితో పక్కకు నెట్టాడు.

బుట్ట జర్రున జారి గోడకు తగిలింది.

నిండుగా ఉన్న బుట్ట అలా జారదు. అతడు ముందుకు వంగి చూశాడు. అడుగున తాటాకు అల్లిక కనిపించింది. పొడుము, ఒకటి రెండు ముక్కలు. అంతే.

బసవమ్మ ఉదయం నుంచీ వేస్తూనే ఉంది. ఆ ముక్కలు ఎక్కడికి వెళ్ళాయో ఆలోచించడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు. ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో నల్లటి బంక అంటుకుని ఉంది. వేసినట్టు ఒక్క పెట్టె కూడా గుర్తు లేదు. వెయ్యనట్టూ గుర్తు లేదు.

కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడిగాడు. బంక వదలడానికి రెండుసార్లు రుద్దవలసి వచ్చింది. ఇక్కడ ఎవరికీ తెలియదు. పెట్టెలన్నీ ఒకేలా ఉన్నాయి. చీటీలు అంటించి ఉన్నాయి. సాయంత్రం వ్యాను ఎక్కుతాయి. విజయవాడలో యంత్రం చెబుతుంది. అప్పుడు కంపెనీవాళ్ళు కాగితం చూస్తారు. కాగితం కింద ఉన్నది మేష్టారి సంతకం. యలమంద పేరు ఎక్కడా ఉండదు. తక్కెడ చెడిందనుకుంటారు. లేకపోతే ఆయనకు వయసు మీద పడిందనుకుంటారు. ఆయన ముఖం మీద ఎవరూ అనరు గాని, కుర్చీలోంచి లేపి ఇంట్లో కూర్చోమంటారు.

వరండాలోకి వచ్చేసరికి వెంకటకృష్ణారావు మజ్జిగ అన్నం కలుపుకుంటున్నారు. భోజనం మధ్యలో మాట్లాడటం ఆయనకు గిట్టదు. యలమంద స్తంభం పక్కన నిలబడ్డాడు. చేతి తడి ఇంకా ఆరలేదు.

"అమ్మా," అన్నాడు అహల్యతో. "కొసరు పడిపోయింది."

"కింద పడిందా? పోనీలే."

"పెట్టెల్లో పడిపోయింది. నేనే వేశాను. ఎన్నింటిలోనో తెలవదు."

అహల్య ముఖంలో రంగు మారడం అతడు చూశాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బుట్ట ఖాళీగా ఉందమ్మా," అన్నాడు మళ్ళీ, అంతకన్నా చెప్పడం రాక.

వెంకటకృష్ణారావు కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచారు. నేరుగా షెడ్డులోకి వెళ్ళి, దొంతరలోంచి ఒక పెట్టె తీసి తక్కెడ మీద పెట్టారు. తరువాత మరొకటి. మూడవది.

"దాటింది," అన్నారు. "ఇదీ దాటింది. ఇది దాటలేదు." ఆగి, బల్ల మీది కాగితం వైపు చూశారు. "నేను ధ్రువీకరించాను."

ఇక ఎవరూ కూర్చోలేదు. ప్రతి పెట్టెనూ తూచడం, దాటినదాన్ని బ్లేడుతో కోయడం, గుప్పెడు తీసి బుట్టలో వేయడం, మళ్ళీ టేపు వేసి మళ్ళీ తూచడం. బ్లేడు తొందరలో చీటీ చిరిగితే మళ్ళీ ప్రింటు తీయాలి. అహల్య మూడు చీటీలు చింపి, నాలుగోదానికి బసవమ్మకు బ్లేడు ఇచ్చేసింది. కుర్చీలో కూర్చుంటే ఆలస్యమవుతోందని వెంకటకృష్ణారావు తక్కెడను నేల మీదికి దింపించుకుని, తెల్ల పంచె సర్దుకుని, మోకాళ్ళు విరుచుకుంటూ సిమెంటు మీద కూర్చున్నారు. యలమంద పెట్టెలు విప్పుతున్నాడు. ప్రతి పెట్టెలోనూ తన చేతి గుర్తు అతనికి ఎదురైంది. ముక్కలు ఎక్కడ పడితే అక్కడ పడినవి కావు. పలకల మీద, సరిగ్గా నడుమ, విప్పగానే కంటికి ఆనేలా వేసి ఉన్నాయి. తీస్తున్నప్పుడు ప్రతిసారీ ఎదుటివాడి నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టు అనిపించింది.

గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే నలుగురూ చూశారు.

వ్యాను అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. షాలోమి దిగి, స్కానింగు యంత్రం మెడలో వేలాడుతుండగా గుమ్మంలో నిలబడి, నేల నిండా విప్పిన పెట్టెలూ, నేల మీద మేష్టారూ కనిపించేసరికి ఆగింది.

"ఏంటండీ ఇది, కడుతున్నారా విప్పుతున్నారా?"

"రెండూను," అంది బసవమ్మ.

అహల్య సంగతి చెప్పింది. షాలోమి యలమంద వైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకుంది.

"నేను ఆగుతానండీ. కానీ ఐదున్నరకి సిస్టమ్ ఇవాళ్టి లెక్క మూసేసుద్ది. అది నా మాట వినదు. ఆ తర్వాత స్కాన్ చేస్తే రేపటి తారీఖే పడుద్ది." ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "అయినవి ఇటు తోయండి. నేను కొడతా ఉంటాను."

స్కాను యంత్రం కూత మొదలైంది. ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క కూత. కూతకూ కూతకూ మధ్య ఎడం పెరిగితే యలమంద వీపు మీద చెమట చల్లబడేది. ఒక దశలో టేపు అయిపోయింది. అహల్య ఇంట్లోకి పరుగెత్తి పిల్లల పుస్తకాలకు వేసే సన్న టేపు తెచ్చింది. అది నిలవదని షాలోమి తన వ్యానులోని టేపు చుట్ట తెప్పించి ఇచ్చింది. "దీనికి సర్‌చార్జి లేదులెండి," అంది. బసవమ్మ ఒక్కతే నవ్వింది.

చివరి పెట్టె కూత వినబడినప్పుడు షాలోమి తెర మీద చూసి, తల ఊపింది. "పడిందండీ. ఇవాళ్టి తారీఖే." డ్రైవరు పెట్టెలు ఎక్కించాడు. వ్యాను తోటల నడుమ దారిలో మలుపు తిరిగి కనుమరుగైంది.

వెంకటకృష్ణారావు లేవబోయి లేవలేకపోయారు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. యలమంద వెళ్ళి చెయ్యి అందించాడు. అందించింది ఎడమచెయ్యి అని ఇద్దరూ గమనించారు. ఆయన దాన్ని పట్టుకునే లేచారు. పంచెకు అంటిన దుమ్ము దులుపుకుని, తక్కెడను బల్ల మీద పెట్టడానికి వెళ్ళిపోయారు.

యలమంద గోనెసంచి మడిచాడు. టేపు కట్టరును మేకుకు తగిలించాడు. అహల్య గుమ్మంలో కూలబడి ఉంది.

"నేను రేపట్నించి రానమ్మా."

ఆమె తల ఎత్తింది. "నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా బాబాయ్?"

"ఎవరూ అనలేదు."

"బుట్ట అవతల గదిలో పెట్టేస్తాను. అంతే కదా."

"బుట్ట తీసేస్తే చెయ్యి గాల్లోకి పోద్దమ్మా. పలకలోంచి తుంచుద్ది." అతడు చేతిని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఇయాళ నాకు తెలిసింది కాబట్టి సరిపోయింది. ఏదో ఒకనాడు తెలవదు."

"ఈ ఒక్క పండగ వెళ్ళనీ. తర్వాత నీ ఇష్టమొచ్చినంత వేసుకో."

"పండగ పోద్ది. రేటు పోదు. రేపు మామిడికాయల సీజనుకి ఇంకోటి వచ్చుద్ది." అతడు తువ్వాలు దులిపాడు. "రెడ్డిగూడెంలో తోట కాపలాకి మనిషి కావాలంటున్నారు. పూత దాకా కోతులు తప్ప ఎవరూ రారంట. అక్కడ తూకం లేదు."

అహల్య లేవబోయింది. ఫోను మోగింది. హైదరాబాదు నంబరు. ఆమె ఫోను ఎత్తి, "పంపించేశాం మేడమ్," అంటుండగా, అతడు తువ్వాలు భుజాన వేసుకుని, బసవమ్మకు తల ఊపి, బస్సు రోడ్డు వైపు నడిచాడు. వీధి మలుపు దగ్గర ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

దీపావళి వెళ్ళిన వారానికి పార్శిల్ కంపెనీ బిల్లు పట్టుకుని షాలోమి వచ్చింది. అహల్య దాన్ని నిలబడే చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. బరువు తేడా అన్న చోట గీత తప్ప అంకె లేదు. వెంకటకృష్ణారావు కాగితం అందుకుని చూసి, కుర్చీలోంచి లేచారు. చొక్కా గుండీ పెట్టుకున్నారు. బడిలో ఉదయపు ప్రార్థన తరువాత మాట్లాడినట్టే, ఎవరి వైపూ చూడకుండా, స్పష్టంగా మాట్లాడారు.

"ఇక్కడ హాజరైనవారు బసవమ్మ, నేను, అహల్య, షాలోమి. బసవమ్మకూ నాకూ మధ్య ఉండవలసినవారు లేరు. ఈ పండగకు మన షెడ్డు పంపిన పెట్టెల్లో ఒక్కటి కూడా బరువు తేడాతో పట్టుబడలేదు. నా సంతకం అబద్ధం కాలేదు. ఎవరూ అడగకముందే, వేళ మించకముందే, తన పొరపాటును తానే వచ్చి చెప్పిన యలమంద గారి వల్ల ఇది జరిగింది. అందుకు ఈ షెడ్డు ఆయనకు రుణపడి ఉన్నదని అందరి ఎదుటా తెలియజేస్తున్నాను."

ఆయన యలమందను 'గారు' అనడం అక్కడ ఎవరూ అంతకు ముందు వినలేదు.

"మనిషి ఉన్నప్పుడు అనాల్సింది మేష్టారూ," అంది బసవమ్మ. ఆయన కూర్చున్నారు. ఆమె కత్తి అందుకుని, పలకను అంచు వెంట సమంగా కోసి, మిగిలిన ముక్కను చూడకుండానే పక్కకు విసిరింది.

అది తాటాకు బుట్టలో పడింది. బుట్ట అంచుల దాకా నిండి, పైన కుప్పగా లేచి, మడిచిన గోనెసంచికి ఎడమవైపున, చెయ్యి అందేంత దూరంలో ఉంది.